పెళ్ళికని వెళ్ళి కొండరాజ్యం ఏలిన మనవాళ్ళు
(తిరువలం తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషాహక్కులను గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. చట్టాల సంగతి తరువాత చెబుతాను. ముందుగా ఒక పెళ్ళి ప్రయాణం గురించి చెప్పనివ్వండి. ఆ ప్రయాణం చివరికి మన వేలూరులోనే ముగిసింది.

సింహళద్వీపం నడుమ, కొండల మధ్య, కండి అనే రాజ్యం ఉండేది. పదిహేడవ శతాబ్దం నడిమికి తీరప్రాంతం డచ్చివారి చేతికి చిక్కినా, కొండలూ అడవులూ కోటగోడలై కండిని కాపాడినాయి. అక్కడి రాజులు పట్టపురాణిని క్షత్రియ వంశం నుండే తెచ్చుకోవాలని ఆచారం. తమ దేశంలో అటువంటి సంబంధం దొరకక మధురకు రాయబారులను పంపేవారు. మధురను అప్పుడు ఏలుతున్నవారు తెలుగు నాయకులు. ఆ బంధువర్గాలలోని ఆడపిల్లలు సముద్రం దాటి, కొండలెక్కి, ముక్కూ మొగమూ తెలియని దేశానికి కోడళ్ళుగా వెళ్ళినారు.

పెళ్ళికూతురు ఒంటరిగా పోదు గదా! తల్లిదండ్రులు, తోబుట్టువులు, బంధుబలగం వెంట వెళ్ళినారు. పెళ్ళికని వెళ్ళినవారు అక్కడనే స్థిరపడినారు. కండి నగరంలో వారు నివసించిన వీధికి మలబారు వీధి అని పేరు వచ్చింది. 1707 నుండి 1739 వరకు ఏలిన వీరనరేంద్రసింహునికి పట్టపురాణి వల్ల సంతానం లేకపోగా, ఆమె సోదరుడు శ్రీవిజయరాజసింహుడు గద్దె ఎక్కినాడు. ఆయన 1747లో గతించగా, ఆయన రాణి సోదరుడు కీర్తిశ్రీరాజసింహుడు రాజైనాడు. అంటే రెండుమార్లు పెళ్ళికూతురి వెంట వెళ్ళిన తోబుట్టువే రాజైనాడన్నమాట. తరువాత రాజాధిరాజసింహుడు, చివరగా శ్రీవిక్రమరాజసింహుడు. మొత్తం నలుగురు.

వారు ఆ నేలకు పరాయివారై బ్రతకలేదు. బౌద్ధాన్ని ఆదరించినారు. కీర్తిశ్రీ కాలంలోనే, 1753లో, సియాం దేశం నుండి భిక్షువులను రప్పించి, అంతరించిపోయిన ఉపసంపద దీక్షను పునరుద్ధరించినారు. ఉన్న ఊరికి ఇంత మేలు చేసినవారి మాతృభాష ఏమైనది?

1815 మార్చి 2వ తేదీన ఆంగ్లేయులు కండి ప్రధానులతో ఒడంబడిక వ్రాయించుకొన్నారు. రాజు బంధువులందరినీ శత్రువులుగా ప్రకటించి, మగవారు అనుమతి లేకుండా తిరిగివస్తే సైనిక శాసనం ప్రకారం శిక్ష అన్నారు. ఆ పత్రంలో వారికి పెట్టిన పేరు ‘మలబారు’ వారని. దక్షిణాది నుండి వచ్చిన వారందరినీ ఆ ఒక్క ముద్రతో కట్టివేసినారు. తెలుగు అన్న మాటకు అందులో చోటే లేదు. న్యాయవాదిగా నన్ను ఆలోచింపజేసేది ఈ ఒక్క పదమే. మనం ఎవరమో మనం వ్రాసి ఉంచకపోతే ఎదుటివాడు తనకు తోచిన పేరు వ్రాసుకొంటాడు. తరువాత ఆ పేరే దాఖలా అవుతుంది.

శ్రీవిక్రమరాజసింహుని 1816లో మద్రాసుకు చేర్చి, ఆపైన వేలూరు కోటలో ఉంచినారు. 1832 జనవరి 30న ఇక్కడనే కన్నుమూసినాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉన్న ముత్తుమండపాన్ని మీలో చాలామంది చూచి ఉంటారు. ఆయన రాణి పేరు వెంకటరంగమ్మాళ్. మన ఇళ్ళలో నేటికీ పిలుచుకొనే పేరే కదా!

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఇటు వేలూరు, అటు చిత్తూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు అమలై సరిహద్దు మరొకసారి మారింది. గీతలు మారినా వియ్యాలు మారలేదు. చిత్తూరు వైపు నీవా అనే ఏరు పొన్నై అనే పేరుతో మన తిరువలం మీదుగా పోయి పాలారులో కలుస్తున్నది. పేరు రెండైనా నీరు ఒకటే.

కాని నా కార్యాలయానికి వచ్చే మనుమడు, తాత వ్రాయించిన తెలుగు దస్తావేజును బల్లమీద పెట్టి, ‘ఇందులో ఏముంది సార్?’ అని అడుగుతాడు. ఆస్తి వానిది, అక్షరం వానిది కాదు. 2006 చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి అంచెలంచెలుగా నిర్బంధం చేసింది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసిందే. అయితే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. భాషను, లిపిని నిలుపుకొనే హక్కును 29వ అధికరణం ఇస్తున్నది. ఈ రెండింటికీ తమిళంతో తగవు లేదు. అడిగేవారు లేని హక్కు మాత్రం పుస్తకంలోనే ఉండిపోతుంది.

అందుచేత మీకు నా విన్నపాలు మూడు. పెళ్ళి శుభలేఖను తమిళంతోపాటు తెలుగులోనూ అచ్చువేయించండి. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని చెప్పి, అట్లే వ్రాసినారో లేదో చూచుకోండి. మూడవది అన్నిటికంటె ముఖ్యం. పలమనేరు నుండో, చిత్తూరు నుండో తెలుగులో చదువుకొన్న కోడలు మన ఇంటికి వస్తున్నది. ఆమె చదువును వంటింట్లో మూలపడనీయకండి. సాయంకాలం ఒక గంట, వీధిలోని పదిమంది పిల్లలను ఆమె ముందు కూర్చోబెట్టండి. బడిలో తెలుగు కావాలని అర్జీ పెట్టేనాటికి, ఆ పిల్లలు ఆ అర్జీమీద తమ పేర్లు తామే తెలుగులో వ్రాయాలి. ఆ అర్జీని పట్టుకొని ఎంత దూరమైనా రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

సెలవు.