టెన్త్ వచ్చిందని కరాటే మానేయాలా?

ఈ మధ్య మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, టెన్త్‌కి వచ్చాను, ఇంట్లో కరాటే మానేయమంటున్నారు. ఏం చేయమంటావ్?" దీనికి నా కథతోనే జవాబు చెప్తాను.

నేను ఎనిమిదో తరగతిలో కరాటేలో చేరాను. కారణం గొప్పదేం కాదు. క్లాసులో ఒకడు రోజూ నన్ను ఏడిపించేవాడు, వాణ్ణి కొట్టాలి. అంతే! పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌కి వెళ్తే, మాస్టర్ గారు మొదటి నెలంతా సరిగ్గా నిలబడటమే నేర్పారు. ముందు కాలు వంచి, వెనక కాలు చాచి, నడుం నిటారుగా. తొడలు మండిపోయేవి.

తర్వాత కటా. అంటే ఎదురుగా ప్రత్యర్థి ఉన్నాడనుకుని ఒక వరుసలో చేసే కదలికలు. మాకు నేర్పింది హియాన్ షోడాన్, మొత్తం 21 కదలికలు. ఎల్లో బెల్ట్ టెస్టులో సగంలో మర్చిపోయి, అందరి ముందూ అలా నిలబడిపోయాను. ఫెయిల్. క్లాసులో వాడికి పండగే.

మూడు నెలలు మళ్లీ అదే కటా. రెండోసారి పాసయ్యాను. ఆ తర్వాత ఒకరోజు వాడు నా బ్యాగ్ లాక్కున్నాడు. పిడికిలి బిగిసింది, కానీ చెయ్యి లేవలేదు. "బ్యాగ్ ఇవ్వు" అన్నాను, నెమ్మదిగా. కాసేపు చూసి ఇచ్చేశాడు. సినిమా ఫైట్ ఏం జరగలేదు.

తర్వాతెప్పుడో చదివితే తెలిసింది, ఆ కటా పుట్టిందే స్కూల్ పిల్లల కోసమని. జపాన్‌లోని ఒకినావాలో ఇటోసు అంకో అనే గురువు 1900ల మొదట్లో కరాటేని స్కూళ్లలోకి తెచ్చి, పిల్లలకు తగ్గట్టు ఐదు కటాలు తయారుచేశారు. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించిన ఫునకోషి గిచిన్ కూడా స్కూల్ టీచరే. హియాన్ అంటే ప్రశాంతత అని అర్థం!

మరి టెన్త్‌లో నేనేం చేశాను? మానేశాను. మిగిలిన గంట చదువుకి వెళ్లిందా? లేదు, టీవీకి వెళ్లింది. పొద్దున్నే లేచే అలవాటు కూడా పోయింది. బీటెక్‌లో మొదటి బ్యాక్‌లాగ్ వచ్చినప్పుడు మాత్రం ఆ ఎల్లో బెల్టే గుర్తొచ్చింది. ఫెయిలైతే మళ్లీ మొదటి కదలిక నుంచి మొదలుపెట్టాలి, అంతే కదా.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కరాటే మార్కులు తెచ్చిపెట్టదు. పుస్తకం మీరే తెరవాలి. క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని కొట్టే చోట, డబ్బు కడితే చాలు బ్లాక్ బెల్ట్ ఇస్తామనే చోట ఉంటే మాత్రం, టెన్త్ దాకా ఆగక్కర్లేదు, ఇవాళే మానేయండి.

మంచి మాస్టర్ దగ్గర ఉంటే, పూర్తిగా ఆపకండి. వారానికి ఐదు రోజులు వెళ్తుంటే రెండు రోజులకి తగ్గించండి. ఇంట్లో గొడవపడకుండా ఇలా అడగండి: "నాన్నా, హాఫ్ ఇయర్లీ దాకా చూడు. మార్కులు తగ్గితే నేనే ఆపేస్తా." ఆ మాట మీద నిలబడండి. మాస్టర్ గారు మొదటి నెల నేర్పింది అదే కదా, నిలబడటం!

మీ ఇంట్లో ఏమన్నారో కామెంట్లో రాయండి. ఉంటా మరి, బై.