కారితే మరమరాలు పోసుకుందాం

(విశాఖపట్నంలో జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న కిరండూల్ నుంచి వచ్చే రాత్రి బండి ఎక్కి ఇవాళ పొద్దున్నే ఇక్కడ దిగాను. రెండేళ్లుగా నా ఉద్యోగం ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ జిల్లా కేంద్రమైన జగ్దల్‌పూర్‌లో. మావారి ఉద్యోగం ఈ ఊళ్లోనే. పిల్లలిద్దరూ, మా అమ్మా నాతో అక్కడ ఉంటారు. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఆరు. పిల్లలతో కలిసి ఇంట్లో చేతిపనులు చేయడం గురించి మాట్లాడమన్నారు. నేను కళాకారిణిని కాను. నాకు సరిగ్గా గీయడం వచ్చిన బొమ్మ పై చార్ట్ ఒక్కటే. అందుకని నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

బదిలీ అయిన కొత్తలో పాప మాట్లాడటం తగ్గించేసింది. బడిలో హిందీ, వీధిలో హల్బీ, ఇంట్లో తెలుగు. స్నేహితులు లేరు. నేను బ్రాంచి నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అప్పటికి పాప చేతిలో ఫోన్, బాబు చేతిలో అమ్మమ్మ ఫోన్. నా ఎంబీఏ బుర్రకు ఇదొక సమస్య, దీనికొక ప్రణాళిక కావాలి అనిపించింది. ఆన్‌లైన్‌లో క్రాఫ్ట్ కిట్లు తెప్పించాను. వారానికో ప్రాజెక్టు అని పట్టిక రాసి ఫ్రిజ్ మీద అంటించాను. టార్గెట్, రివ్యూ అన్నీ పెట్టాను.

ఇంతలో బడిలో ప్రదర్శన వచ్చింది. చిత్రకోట్ జలపాతం నమూనా చేయాలి. రాత్రి పది దాటింది, పాప నిద్రకు తూలుతోంది. పడుకోమని చెప్పి, థర్మాకోల్ కోసి, రంగులు వేసి, ఒంటిగంటకల్లా నేనే పూర్తిచేశాను. దానికి మొదటి బహుమతి వచ్చింది. సాయంత్రం పాప ఆ సర్టిఫికెట్ తెచ్చి నా బ్యాగు పక్కన పెట్టింది. "ఇది నీదమ్మా. నీ ఫైల్లో పెట్టుకో" అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తర్వాతి ఆదివారం అందరం సంతకు వెళ్లాం. బస్తర్‌లో సంత అంటే కూరగాయలు ఒక్కటే కాదు. ఇప్పపువ్వు, చింతపండు, కోళ్లు, మట్టికుండలు, ఎర్ర చీమలు కూడా ఉంటాయి. ఆ చీమలతో చాప్డా అనే పచ్చడి చేస్తారు. వాటిని ఆకుదొప్పల్లో పోసి అమ్ముతుంటే మా బాబు నోరు తెరిచి నిలబడిపోయాడు. మా అమ్మ చూసింది మాత్రం చీమల్ని కాదు, దొప్పల్ని. పక్కనే ఒకావిడ కూర్చుని వెదురు పుల్లలతో ఆకులు కుడుతోంది. అమ్మ ఆ ఆకు పట్టుకుని "ఇది అడ్డాకే!" అంది.

అక్కడ దాన్ని సియాడీ అంటారు. మన మన్యంలో విస్తళ్లు కుట్టే అడ్డాకు అదే. అమ్మది పార్వతీపురం వైపు పల్లె. చిన్నప్పుడు సెలవుల్లో రోజంతా విస్తళ్లు కుట్టేదట. నలభై ఏళ్లుగా నాకా సంగతి తెలియదు, నేను అడగనూ లేదు. అమ్మకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా అమ్మ ఆవిడ పక్కన కూర్చుని ఒక దొప్ప కుట్టి చూపించింది. ఆవిడ నవ్వి, ఒక పుల్ల తీసి, వాళ్ల పద్ధతిలో మళ్లీ గుచ్చి ఇచ్చింది. జగ్దల్‌పూర్ వచ్చాక అమ్మ ముఖంలో అంత వెలుగు చూడటం అదే మొదటిసారి. ఊరు కొత్తయింది పిల్లలకే కాదు, అమ్మకు కూడా అని నాకు అప్పుడు తట్టింది.

ఒక కట్ట ఆకులు కొనుక్కుని ఇంటికొచ్చాం. బాబు కుట్టిన దొప్ప ఒక పక్కకు ఒరిగిపోయింది, అడుగున సందు. నేను సరిచేయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యే. కారితే ఏటవుతాది? మరమరాలు పోసుకుంటాడు" అంది. నిజంగానే పోసుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే సామెత.

ఇప్పుడు మీరు ఇంట్లో చేసుకోదగ్గ మూడు పనులు చెబుతాను. మూడింటికీ పెద్ద ఖర్చు లేదు.

మొదటిది ఆకుదొప్ప. అడ్డాకు దొరక్కపోతే బాదం, మోదుగ, పనస ఆకులు సరిపోతాయి. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండటం మీకు తెలిసిందే. పద్ధతి అదే. నాలుగు ఆకుల్ని కడిగి తుడిచి, కూడిక గుర్తులా పరచండి. మధ్యలో కొబ్బరి ఈనె పుల్లతో కుట్టండి. పక్కపక్క ఆకుల అంచుల్ని పైకి లేపి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టుకుని పుల్ల గుచ్చండి. పుల్లలు పెద్దవాళ్లు విరిచి ఇవ్వాలి, గుచ్చడం పిల్లలకు వదిలేయాలి. పది నిమిషాల పని. ఆ పూట పకోడీలు అందులోనే తినండి.

రెండోది పిండిబొమ్మ. దీని వెనక ఒక కథ ఉంది. ఒక రెండో శనివారం పిల్లల్ని కొండగావ్ తీసుకెళ్లాను. జగ్దల్‌పూర్ నుంచి రాయపూర్ దారిలో వస్తుంది. బస్తర్ డోక్రా అనే లోహపు బొమ్మలకు పేరున్న ఊరు. జైదేవ్ బఘేల్ వంటి శిల్పులు ఆ ఊరి పేరును దేశం దాటించారు. మన ఆదిలాబాద్ జిల్లాలోనూ డోక్రా పని ఉంది, దానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముందు మట్టితో బొమ్మ లోపలి భాగం చేస్తారు. దాని మీద తేనెమైనాన్ని సన్నని దారాల్లా లాగి చుడతారు. కళ్లు, నగలు, కొమ్ములు అన్నీ ఆ మైనంతోనే. పైన మళ్లీ మట్టి పూసి, ఒక దారి వదిలి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటికి కరిగిన లోహం వెళ్తుంది. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మ పోతపోసిన పద్ధతీ ఇదే.

మేం వెళ్లిన ఇంట్లో తాత, కోడలు, మనవడు ముగ్గురూ పనిలో ఉన్నారు. మనవడి పని మైనం దారాలు చేయడం. మా పాప ఆ తాతను తనకొచ్చిన హిందీలో "పాడైపోతే ఏం చేస్తారు?" అని అడిగింది. "కరిగించి మళ్లీ పోస్తాం" అన్నాడాయన. దారి పొడవునా పాప ఆ మాటే చెబుతూ వచ్చింది.

ఇంట్లో మనకు లోహం, నిప్పు వద్దు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ చపాతీ పిండి కన్నా గట్టిగా కలపండి. మొదటి రోజు ఏనుగో, ఎద్దో, పిల్లలకు నచ్చిన బొమ్మ చేయనివ్వండి. మిగతా పిండిని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఆ పిండిని పీట మీద అరచేత్తో దొర్లించి సేమియాలా సన్నని దారాలు చేసి, తడివేలితో బొమ్మ మీద అంటించాలి. మూడు నాలుగు రోజులు నీడన తిప్పుతూ ఆరబెట్టి, తర్వాత రంగులు వేయాలి. మధ్యలో ఆపినా చెడిపోని పని కావడం మనలాంటి వాళ్లకు పెద్ద వరం.

మూడోది క్యాలెండర్ సంచి. మన బ్యాంకువాళ్ల ఇళ్లలో పాత క్యాలెండర్లకు కొరత లేదు. కాగితం రెండంచులూ అంగుళం మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడిచి, మైదా జిగురుతో అంటించండి. అడుగున మూడంగుళాలు మడిచి అట్టముక్క పెట్టండి. పైన రంధ్రాలు చేసి నూలుతాడు కట్టండి. తేదీల అంకెలు బయటికి కనిపిస్తే ఇంకా బాగుంటుంది. పుట్టినరోజున్న స్నేహితుడికి ఆ తేదీ చుట్టూ బొమ్మ గీసి ఇవ్వొచ్చు. ఒక్క జాగ్రత్త: కస్టమర్ల వివరాలున్న కాగితం ఒక్కటి కూడా బ్రాంచి దాటి రాకూడదు. ఇది క్రాఫ్ట్ సలహా కాదు, ఆఫీసర్ సలహా!

మా ఇంటి నియమాలు నాలుగే. వారానికి రెండుసార్లు, అరగంట మాత్రమే. సామానంతా ఒక చెప్పుల డబ్బాలో ఉండాలి, వెతుక్కోవడానికే అరగంట పోకూడదు. ఫోన్లన్నీ పక్కగదిలో. చివరిది నాకు అన్నిటికన్నా కష్టమైనది: నేను కూడా నా బొమ్మ చేసుకోవాలి, వాళ్ల బొమ్మ మీద చెయ్యి వేయకూడదు. కత్తెర పని, వేడి పని మాత్రం పెద్దవాళ్లవి.

ఇదంతా విని మా ఇంట్లో ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకోకండి. మార్చి నెలంతా ఆ డబ్బా మూత తెరవలేదు. బ్రాంచి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో నిద్రపోయిన రోజులున్నాయి. పాపకు ఇప్పటికీ కొన్ని రోజులు బడికి వెళ్లాలనిపించదు. చేతిపని అన్నిటికీ మందు అని నేను చెప్పలేను.

అయితే ఏప్రిల్‌లో ఒక సాయంత్రం త్వరగా ఇంటికొచ్చాను. వరండాలో పాప, పక్కింటి అమ్మాయి, మధ్యలో మా అమ్మ. ఆ పిల్లకు దొప్ప కుదరడం లేదు. మా పాప సగం హిందీ, సగం హల్బీలో ఏదో చెబుతోంది. ఆ పిల్ల పాప హల్బీ విని పడీపడీ నవ్వుతోంది, పాపా నవ్వుతోంది. నన్ను ఎవరూ పిలవలేదు, నా అవసరం అక్కడ ఎవరికీ లేదు. లోపలికి వెళ్లి టీ పెట్టుకున్నాను.

ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది. పాప సొంతంగా చేసిన మొదటి పిండి ఎద్దు మాత్రం నా టేబుల్ మీద ఉంది. దానికి ఒక కొమ్ము లేదు. బ్రాంచికి వచ్చినవాళ్లు ఇది డోక్రానా అని అడుగుతారు. మా అమ్మాయి చేసిందని చెబుతాను.

రేపు ఆదివారం. నాలుగు ఆకులు కోసుకురండి, చీపురు నుంచి నాలుగు పుల్లలు తీయండి. ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో ఉంటే ముందు వాళ్లనే అడగండి, వాళ్ల చేతులకు ఏమేం వచ్చో. దొప్ప కారితే ఏం చేయాలో మీకు తెలుసు.