చెరువు ఒడ్డు – మనకు అప్పగించబడిన అమానతు

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! ప్రాణమున్న ప్రతిదానినీ నీటి నుండే సృష్టించినట్లు అల్లాహ్ అంబియా సూరాలో తెలిపాడు. నీరు, పచ్చిక, నిప్పు – ఈ మూడింటిలో అందరూ భాగస్వాములేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కాబట్టి చెరువు నీరూ, దాని ఒడ్డున మొలిచే పచ్చదనమూ ఏ ఒక్కరి సొత్తూ కావు.

1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాదును ముంచెత్తింది. అది మన మహబూబ్‌నగర్ ఎవరి పేరును ధరించిందో ఆ మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనాకాలం. వేలాది ప్రాణాలు పోయాయి. ఆనాడు నది ఒడ్డునున్న ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బ్రతికారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిదే ఆ చెట్టు. అదే మూసీ మన నల్లగొండ జిల్లా గుండా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తోంది. ముస్లిం నాటిన చెట్టు ఫలాన్ని మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తింటే అది అతనికి సదఖా అవుతుందని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. ఫలానికే ఇంత పుణ్యమైతే, ప్రాణాలు నిలిపిన కొమ్మలకు ఎంతటి పుణ్యం!

సోదరులారా! ఇప్పుడు మన ఒడ్డులను చూసుకుందాం. మహబూబ్‌నగర్ పెద్దచెరువైనా, పానగల్ ఉదయసముద్రమైనా, మన ఊరి కుంటైనా – వేసవిలో ఖాళీగా కనిపించే శిఖం భూమి నీటి ఇల్లు. వానాకాలంలో నీరు తన ఇంటికి తిరిగి వస్తుంది. అక్కడ మనం గోడలు లేపితే అది పేదవాని గుడిసెలోకి పోతుంది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హదీసు హెచ్చరిస్తోంది. ఈ హెచ్చరిక ఇంటి స్థలానికే కాదు. మస్జిదు పేరుతో, ఈద్గా పేరుతో ఆక్రమించినా వర్తిస్తుంది. అక్రమంగా తీసుకున్న నేలపై ఆరాధనకు శుభం ఎక్కడిది? తెలియక అక్కడ ప్లాటు కొన్న పేదవానిని నిందించకండి. అమ్మినవాని నుండి అతని సొమ్ము అతనికి చేరేలా తోడ్పడండి.

నీటి రేవునూ, దారినీ, నీడనూ మలినపరచడం శాపానికి కారణమని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అయినా ఖుర్బానీ వ్యర్థాలను చెరువులో పారవేసే చేతులు మనలో లేవా? మేకలు మేపుకునే కాపరికీ, బతుకమ్మను నీట విడిచే సోదరీమణులకూ, చల్లగాలికై వచ్చే వృద్ధులకూ ఆ ఒడ్డుపై మనతో సమానమైన హక్కుంది. వారి హక్కును కాపాడటం మన ధర్మం.

రండి, ఈ వానాకాలంలో ఒక్కొక్కరం ఒడ్డున ఒక వేపనో, కానుగనో నాటి, అది నిలదొక్కుకునే వరకు నీరు పోద్దాం. శిఖంలో మట్టి పోసేవారిని, వారు మనవారైనా సరే, మంచిమాటతో వారిద్దాం.

ఓ అల్లాహ్! మా చెరువులను నింపు. మా చేతులను ఆక్రమణ నుండి కాపాడు. నీ అమానతును మా బిడ్డలకు పచ్చగా అప్పగించే భాగ్యాన్ని ప్రసాదించు. ఆమీన్.