తాజాపాలు, డబ్బాపాలు, పొడిపాలు

మన వంటింటి అలమారలో నేడు మూడు విధములైన పాలు కలిసి కాపురము చేయుచున్నవి. తెల్లవారి గుమ్మములోనికి వచ్చిన పాకెట్టుపాలు ఒకటి. పండుగనాడు తీపివంటకై కొని తెచ్చిన చిక్కని డబ్బాపాలు రెండవది. వేళకు పాలు అందనినాడు కాఫీకి పనికివచ్చునని దాచి ఉంచిన పాలపొడి మూడవది. "ఈ మూడింటిలో ఏవి మంచివండీ?" అని నన్ను చాలమంది అడిగినారు. దీనికి ఒక్కమాటలో జవాబు లేదు. ప్రశ్ననే కొంచెము మార్చి అడుగుకొనవలెను. ఈ పాలనుండి ఏమి తీసినారు? ఇందులో ఏమి కలిపినారు? ఇవి ఎవరి నోటికి పోవుచున్నవి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన ఇంటిలో మూడు పాలూ మంచివే. తెలియని ఇంటిలో ఎంత ఖరీదైన పాలైనను కీడు చేయగలవు.

ముందుగా తాజాపాల సంగతి చూతము. ఆవుపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. మిగిలిన 13 పాళ్ళలో కొవ్వు సుమారు 4, పాలచక్కెర సుమారు 5, మాంసకృత్తులు మూడుకు పైన, ఆపైన సున్నము మొదలగు లవణములు. గేదెపాలలో నీరు తక్కువ, కొవ్వు 6 నుండి 8 పాళ్ళ వరకు ఉండును. అందువలననే గేదెపెరుగు కత్తితో కోసినట్లు నిలుచును. పాలలో మనకు పనికివచ్చు ఆహారమంతయు కరిగి సిద్ధముగా ఉన్నది. ఆ సదుపాయము సూక్ష్మజీవులకు కూడ ఉన్నది! పిదికిన పాలు ఎండకాలములో కొద్ది గంటలలోనే విరిగిపోవుటకు కారణము ఇదియే. పొదుగు దగ్గర వెచ్చగా త్రాగెడి గుమ్మపాలను పెద్దలు మెచ్చుకొనెడివారు. కాని క్షయ మొదలగు వ్యాధులు పశువునుండి మనిషికి పచ్చిపాల ద్వారా రాగలవని నేడు మనకు తెలియును. పాలు కాచియే త్రాగవలెను.

కాచుటలో మనవారికి మంచి నేర్పు ఉండెడిది. చాల పల్లెలలో పెరటిలో దాలిగుంట ఉండెడిది. పిడకల సెగమీద, మట్టికుండలో, పాలు ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు పొంగక, విరగక కాగుచుండెడివి. దీపాలవేళకు ఆ పాలు లేత ఎఱుపు తిరిగి, పైన మందమైన మీగడ కట్టెడిది. ఆ సన్నని సెగ దినమంతయు సూక్ష్మజీవులను పెరుగనీయలేదు. పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఆ వేడికి కలిసి ఆ రంగును, ఆ కమ్మని వాసనను ఇచ్చినవి. ఫ్రిజ్ లేని కాలములో పాలను కాపాడిన శాస్త్రము అది.

నేటి పాకెట్టుపాలను డెయిరీలో 72 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 15 సెకండ్లు వేడిచేసి వెంటనే చల్లార్చుదురు. ఇదియే పాశ్చరీకరణము. ఇందువలన రోగములు కలిగించు జీవులు నశించును గాని, పాలను పులియజేయు జీవులు కొన్ని మిగులును. కావున ఆ పాలు చల్లగా ఉండవలెను. మన ఎండలలో, దారిలో ఆ చల్లదనము తప్పినదో లేదో మనకు తెలియదు. అందుచేత ఇంటికి రాగానే ఒకసారి కాచి, చల్లార్చి, చల్లనిచోట ఉంచుట మేలు.

పాకెట్టు మీది "టోన్డ్" అను మాటను గూర్చి కూడ రెండు మాటలు చెప్పవలెను. ఇది మన దేశములో పుట్టిన ఉపాయము. 1946లో బొంబాయిలో దారా ఖురోడీ అను పాడి నిపుణుడు, చిక్కని గేదెపాలకు వెన్నతీసిన పాలపొడిని, నీటిని చేర్చి, కొవ్వు తగ్గించి, ఎక్కువమందికి తక్కువ ధరకు అందించు పద్ధతిని నెలకొల్పినాడు. టోన్డ్ పాలలో కొవ్వు నూటికి 3 పాళ్ళు, కొవ్వుగాక తక్కిన ఘనపదార్థములు 8.5 పాళ్ళు ఉండవలెనని నిబంధన. గేదెపాలలో నీళ్ళు మాత్రమే కలిపిన యెడల అది కల్తీ. మాంసకృత్తులు, సున్నము తగ్గకుండ పొడిని కూడ చేర్చుట ఒక పద్ధతి. అనగా మనము తాజాపాలని త్రాగుచున్న పాలలోనే ఒక్కొక్కప్పుడు పొడిపాలు కూడ ఉండునన్నమాట. అవి విరోధులు కావు, చుట్టాలే.

ఇక డబ్బాపాలు. పాలలోని నీటిని ఇగిర్చినచో అవి చిక్కబడునని పాలకోవా చేయు మన ఇల్లాండ్రకు ఒకరు నేర్పవలసిన పని లేదు. కాని ఆ చిక్కదనమును నెలల తరబడి నిలుపుట వేరే విద్య. అమెరికాలో గేల్ బోర్డెన్ 1856లో ఒక పేటెంటు పొందినాడు. గాలి తీసివేసిన పాత్రలో పాలు తక్కువ వేడికే మరుగును. అందుచేత అడుగంటకుండ, రంగు మారకుండ నీరు ఆవిరియై పోవును. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో సైనికుల ఆహారముగా ఈ పాలకు గిరాకి పెరిగినది.

డబ్బాపాలలో రెండు జాతులు కలవు. ఈ తేడా తెలిసికొనవలెను. ఒకటి చక్కెర చేర్చిన చిక్కనిపాలు, అనగా కండెన్స్‌డ్ మిల్క్. ఇందులో నూటికి 40 పాళ్ళకు తగ్గకుండ చక్కెరయే ఉండును. ఆవకాయకు ఉప్పు చేసిపెట్టు పనిని ఈ పాలకు చక్కెర చేయును. సూక్ష్మజీవులకు నీరు దక్కనీయదు. రెండవది చక్కెర లేకుండ ఇగిర్చిన పాలు. దీనికి కాపలా చక్కెర కాదు, వేడి. డబ్బా మూత బిగించిన పిదప 115 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచి లోపలి జీవులను చంపుదురు. మూత తీసిన తరువాత ఇది మామూలు పాలవలెనే పాడగును. హాంకాంగులో టీకి ఈ చప్పనిపాలు వాడుదురు. మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మలేషియాలో తియ్యని డబ్బాపాలతో, ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ఎత్తి పోసి నురుగు తెప్పించిన టీ ప్రసిద్ధము.

వంటలో తియ్యని డబ్బాపాలు వాడునప్పుడు ఒక లెక్క మరువరాదు. 400 గ్రాముల డబ్బాలో కనీసము 160 గ్రాముల చక్కెర ముందే ఉన్నది. సేమ్యా పాయసములోగాని, కొబ్బరి లౌజులోగాని ఆ పాలు పోసి, రుచి చూచిన మీదటనే చక్కెర సంగతి ఆలోచించవలెను. బెల్లము పరమాన్నమునకు మాత్రము తాజాపాలే తగును. అన్నము పాలలో మెత్తగా ఉడికిన తరువాత కుండ దింపి, కొంచెము ఆరనిచ్చి, అప్పుడు బెల్లము కలుపవలెను. కుతకుత ఉడుకుచున్న పాలలో బెల్లము వేసిన యెడల పాలు విరుగునని మన అమ్మమ్మలు చెప్పిన మాట నిజము.

మూడవది పాలపొడి. దీని చరిత్ర పాతది. మంగోలు ఆశ్వికులు పాలను ఎండబెట్టి వెంట ఉంచుకొని, ఉదయము తోలుసంచిలో నీటితో కలిపి, గుఱ్ఱపు నడకకు అది చిలుకబడగా త్రాగెడివారని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కోపోలో వ్రాసినాడు. నేటి పద్ధతిలో పాలను ముందు చిక్కబరచి, వేడిగాలి నిండిన పెద్ద గదిలో సన్నని తుంపరగా చిమ్ముదురు. తుంపర నేలకు దిగులోపల నీరు ఆరి పొడియగును.

గేదెపాలను ఈ విధముగా పొడిచేయుట సాధ్యము కాదని ఒకప్పుడు పాశ్చాత్య నిపుణులు అభిప్రాయపడినారు. గుజరాతులోని ఆనంద్‌లో హెచ్. ఎం. దలాయా దానిని సాధించి చూపినారు. 1955 అక్టోబరు 31న అచ్చటి డెయిరీని నెహ్రూగారు ప్రారంభించినారు. ఈ విజయపు విలువ రైతుకు బాగుగా తెలియును. మన గేదెలు చలికాలములో విరివిగా పాలిచ్చును, వేసవిలో తగ్గిపోవును. చలికాలపు పాలను కొనువారు లేక రైతు నష్టపడుట, వేసవిలో పట్టణములో పసివారికి పాలు చాలకపోవుట, రెండును ఒకే ఏడాదిలో జరుగుచుండెడివి. ధాన్యమునకు గాదె ఎట్టిదో పాలకు పొడి అట్టిది. 1970లో మొదలైన క్షీరవిప్లవ పథకమునకు పెట్టుబడి కూడ, విదేశములు దానముగా ఇచ్చిన పాలపొడిని, వెన్ననూనెను ఇచ్చట పాలుగా మార్చి అమ్మిన సొమ్మునుండియే వచ్చినది.

పొడి కలుపుటకు కొలత ముఖ్యము. వెన్నతీయని పొడి 125 గ్రాములకు సుమారు 900 మిల్లీలీటర్ల నీరు చేర్చినచో లీటరు పాలగును. గ్లాసెడు పాలకు తలకొట్టిన పెద్ద చెంచాలు మూడు. మరుగునీటిలో పొడి పోసిన యెడల ఉండకట్టును. ముందు కొద్దిపాటి గోరువెచ్చని నీటితో మెత్తగా కలిపి, తరువాత మిగిలిన నీరు పోయవలెను. పెరుగు పలుచగా ఉన్నదనుకొన్నచో, పాలు కాచుటకు ముందే రెండు చెంచాల పొడి కలిపి చూడుడు, గట్టిగా తోడుకొనును. తడిచెంచా డబ్బాలో పెట్టరాదు. కలిపిన తరువాత పొడిపాలకు నిలువ ఉండు గుణము పోయి, తాజాపాలవలెనే అవియు పాడగును.

ఇంతవరకు పెద్దలకు, వంటలకు సంబంధించిన మాట. ఇప్పుడు మూడవ ప్రశ్నకు వచ్చుచున్నాను: ఎవరి నోటికి?

నా చిన్నతనములో మా వీధిలో ఒక కూలి కుటుంబము ఉండెడిది. బాలింతకు జబ్బుచేసి పాలు తగ్గినవి. ఎవరో చెప్పగా తండ్రి తన వారపు కూలి పెట్టి పాలపొడి డబ్బా కొని తెచ్చినాడు. బిడ్డ సీసా నిండ త్రాగుచున్నది, నిద్రపోవుచున్నది. కాని నానాటికి చిక్కిపోవుచున్నది. మా అమ్మ వారిని వెంటబెట్టుకొని డాక్టరుగారి వద్దకు తీసికొనిపోయినది, నేనును వెంట ఉన్నాను. డాక్టరుగారు బిడ్డను చూచి, మందు వ్రాయక ముందే ఒక్క ప్రశ్న వేసినారు: "అమ్మా, ఈ డబ్బా మీకు ఎన్నాళ్ళు వచ్చింది?" ఆ తల్లి కొంచెము గర్వముగానే చెప్పినది: "నెల దాటినా ఇంకా ఉందండీ. జాగ్రత్తగా వాడుకుంటున్నాం." వారమునకు సరిపడు డబ్బా అది. చెంచాలు తగ్గించి నీళ్ళు పెంచినారు. ఆమె పొదుపు చేసినది. పొదుపు తప్పు అని ఆమెకు ఎవరు చెప్పినారు? బిడ్డ అదృష్టవశమున కోలుకొన్నది. డాక్టరుగారి ఆ ప్రశ్న మాత్రము నేటికిని నా చెవిలో ఉన్నది.

ఇది ఒక వీధి కథ కాదు. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1939లో సింగపూరులోని రోటరీ క్లబ్బులో ఒక ఉపన్యాసమిచ్చినది. దాని పేరు "పాలు - హత్య". తియ్యని డబ్బాపాలను తల్లిపాలకు బదులుగా పసిపిల్లలకు పట్టించుటవలన కలుగు మరణములను ఆమె అందులో నిలదీసినది. నూటికి 40 పాళ్ళు చక్కెరయైన పాలను నీళ్ళతో పలుచన చేసినచో మిగులునది తీపి నీరే. అందులో ఎదిగెడి బిడ్డకు చాలినంత మాంసకృత్తు ఎక్కడిది? ఆమె హెచ్చరించిన నలువదిరెండు సంవత్సరములకు, 1981లో, ప్రపంచ ఆరోగ్య సభ పసిపిల్లల పాలపొడి అమ్మకములకు ఒక నియమావళిని అంగీకరించినది. మన దేశములో 1992లో చట్టము వచ్చినది. అట్టి పాలపొడికి ప్రకటనలు ఇచ్చుట నిషిద్ధము.

కావున పసిబిడ్డ విషయములో మాట ఒక్కటే. పుట్టిన మొదటి దినముల చిక్కని ముర్రుపాలు బిడ్డకు తప్పక పట్టవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరు కూడ అవసరము లేదు. డాక్టరు చెప్పగా పసిపిల్లల పొడియే వాడవలసివచ్చినచో, డబ్బాలోని చెంచాతో, డబ్బా మీద వ్రాసిన కొలతతో, కాచిన నీటితో కలుపవలెను. ఆ పొడి పూర్తిగా సూక్ష్మజీవి రహితము కాదు గనుక, కలుపునప్పుడు నీటి వేడి 70 డిగ్రీలకు తగ్గరాదు. తరువాత చల్లార్చి పట్టవలెను. మిగిలినవి పారబోయవలెను. కాఫీకి వాడెడి పొడి, వెన్నతీసిన పొడి, తియ్యని డబ్బాపాలు పసినోటికి తగవు.

మన ఇంటిలో ఈనిన పశువు జున్నుపాలు ఇరుగుపొరుగులకు పంచిపెట్టు ఆచారము మనది. ఈ రోజు విన్న ఈ నాలుగు మాటలను కూడ అట్లే పంచుడు. మీ వీధిలో పసిబిడ్డ ఉన్న ఇంటిలో పాలడబ్బా కనబడిన యెడల, తప్పుపట్టినట్లు కాక, చుట్టమువలె పలుకరించి ఆ డాక్టరుగారి ప్రశ్ననే అడుగుడు: "అమ్మా, ఈ డబ్బా ఎన్నాళ్ళు వచ్చింది?"