నీళ్ళులేని ఏరు, చెట్లులేని కొండ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం అయినది. ఈ యేటి రాజెవరో, మంత్రి ఎవరో విన్నాము. నాకు అప్పగించిన విషయం ఎండ. కే.వి.కుప్పంలో ఎండను గురించి చెప్పడానికి ఉపన్యాసకుడు ఎందుకు, గడప దాటితే చాలదా అని మీరు అనవచ్చు. నిజమే. కాని ఎండలో మాడడం వేరు, అది ఎందుకిట్లా కాస్తున్నదో తెలుసుకోవడం వేరు. తెలుసుకుంటే అందులో ప్రకృతి పాలెంత, మన పాలెంత అన్నది తేలుతుంది.

వేలూరును గురించి ఈ సీమలో ఒక పాత మాట ఉన్నది. ఇక్కడ నీళ్ళులేని ఏరు, చెట్లులేని కొండ, రాజులేని కోట, దేవుడులేని గుడి ఉన్నవట. నవ్వుకోవడానికి అన్న మాటే అయినా, మన వేసవి చరిత్ర సగం అందులోనే ఉన్నది.

మొదట ప్రకృతి పాలు చూద్దాం. మన ఊరు ఇంచుమించు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఏప్రిల్ 24, 25 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. పిల్లలచేత ఈ పరీక్ష చేయించండి, సంతోషిస్తారు. ఆపైన నేల కాగి కాగి మే నెలకు ఎండ ముదురుతుంది. తమిళ సోదరులు దీనిని అగ్ని నక్షత్రం అంటారు, కత్తిరి అంటారు. మనం కృత్తిక కార్తె, రోహిణి కార్తె అంటాము. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన సామెత. పేర్లు రెండైనా మాడే నెత్తి ఒక్కటే గదా!

ఇక గాలి. చెన్నపట్నం వారిని మధ్యాహ్నం సముద్రపు గాలి ఆదుకుంటుంది. అది నూరు కిలోమీటర్లకు పైగా నడిచి మన దాకా రావాలంటే ప్రొద్దుగుంకుతుంది, వస్తే వచ్చినట్లు. మనకు వచ్చేది పడమటి గాలి. కోలారు పీఠభూమి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్నది. వేలూరు 200 మీటర్ల పైచిల్లర. క్రిందికి దిగే గాలి ఒత్తిడికి లోనై, నూరు మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. అక్కడ బయలుదేరినప్పుడు వెచ్చగా ఉన్న గాలి ఇక్కడికి వడగాలిగా దిగుతుంది. దారిలో ఉన్నవి బోడికొండలు. పగలు బండలు కాగుతాయి, రాత్రి ఆ వేడిని మనకు తిరిగి అప్పగిస్తాయి.

ఇది ఎడారి ఎండవంటి పొడి ఎండ. దీనిలో ఒక మోసం ఉన్నది. చెమట పట్టినది పట్టినట్లు ఆరిపోతుంది గనుక, ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. మట్టికుండను చూడండి. నీరు చెమర్చి ఆరుతూ ఉన్నంతసేపే లోపలి నీరు చల్లన. మన దేహమూ అటువంటి కుండే. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో వడదెబ్బకు సుమారు రెండువేలమంది పోయారు. ఇటుక బట్టీలలో, పొలాలలో పనిచేసేవారిలో మనవారు ఉన్నారు. దాహం వేయకముందే నీరో, ఉప్పు వేసిన మజ్జిగో త్రాగాలి. మనిషి మాట తడబడితే, ఒళ్ళు నిప్పువలె కాలితే, నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, విసురుతూ వెంటనే వైద్యునివద్దకు తీసుకొనిపోవాలి. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

కుండకూ దేహానికీ ఉన్న ధర్మమే ఊరికీ ఉన్నది. చెట్టు ఆకులనుండి నీటిని ఆవిరిచేసి గాలిని చల్లబరుస్తుంది. ఆ చెట్టుకు నీరు భూమిలో ఉండాలి. ఇక్కడే మన పాలు మొదలవుతుంది.

పాలారు పొడవు 348 కిలోమీటర్లు. కర్ణాటకలో 93, ఆంధ్రలో 33, తమిళనాడులో 222. ఆంధ్రలోని ఆ కుప్పం సీమను దాటివచ్చిన ఏరే మన ఈ కుప్పానికి దక్షిణంగా పోతున్నది. పైన ఎండినా ఇసుకలో నీరు దాచిపెట్టడం దాని గుణం. ఇసుకను లారీలకు ఎత్తితే ఆ నీటికి ఇల్లు ఉండదు. తోళ్ళ కార్ఖానాల మురుగు విడిస్తే ఉన్న నీరు విషమవుతుంది. వేలూరు పౌరుల సంఘం వేసిన దావాలో 1996లో సుప్రీంకోర్టు, నీటిని చెరిపినవారే ఆ నష్టం భరించాలని తీర్పు చెప్పినది. తీర్పు వచ్చినంతమాత్రాన ఏరు బాగుపడదు. 2021 నవంబరులో పాలారు, గుడియాత్తంలో కౌండిన్యానది పొంగి పారినవి. వాన రాకపోలేదు. వచ్చిన నీటిని ఎంత ఇంకనిచ్చామన్నదే ప్రశ్న. వేలూరు వద్ద నాగనది మీద వేలాది పల్లెపడుచులు రాతికట్టలు వేసి, ఇంకుడుబావులు త్రవ్వి దారి చూపించారు.

ఆ పాత మాటకు మళ్ళీ వద్దాం. కోటకు రాజు ఇక రానక్కరలేదు, ప్రజలదే రాజ్యం. నూర్ల ఏండ్లు శూన్యంగా ఉన్న కోటలోని జలకంఠేశ్వరాలయంలో 1981లో స్వామిని తిరిగి ప్రతిష్ఠించారు. జనం పూనుకుంటే దేవుడే తిరిగివచ్చాడు. మిగిలినవి చెట్టు, నీరు. వాటికి జనం పూనుకోవద్దా?

మనలో కొందరి పెద్దలు విజయనగరపు కాలంలో వచ్చారు, కొందరు నిన్న మొన్న ఉద్యోగానికి వచ్చారు. ఎప్పుడు వచ్చినా అందరమూ త్రాగినది ఈ నీరే. ఆ ఋణం ఉన్నది. అందుకని నా మనవి మూడు మాటలు. సంతదారిలో రేపే ఒక చలివేంద్రం పెడదాం, అందులో తెలుగు తమిళ భేదం వద్దు. తొలివానకు ఇంటికొక వేపమొక్కో కానుగమొక్కో నాటి, రెండు వేసవులు నీళ్ళు పోసి కాపాడుదాం. వానలకు ముందే ఊరివారితో కలిసి చెరువు పూడిక తీయడానికి పారపట్టుదాం.

ఇప్పుడు మనం రుచిచూసిన పచ్చడిలోని వేపపువ్వు, మామిడిపిందె, కొత్త చింతపండు ఈ ఎండాకాలపు చెట్లు ఇచ్చినవే. వచ్చే యేడు కూడా అవి మనకు ఇక్కడే దొరకాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.