మొదటి వైపు శ్రుతి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా బ్యాచ్ వాళ్లం ప్రతి ఆదివారం ఒకరినొకరం అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ వారం ఏం విన్నావురా?" ఒకడు బాలమురళీకృష్ణ గారి పాత కచేరీ పంపుతాడు, ఇంకొకడు పియానో పంపుతాడు. నేను జాజ్ పంపుతాను. ఆ జాజ్ వెనక నాకో పాత బాకీ ఉంది. ఈ రోజు మీ అందరి ముందూ తీర్చుకుంటాను.

1985లో, మేం పదో తరగతిలో ఉండగా, మా మేనమామ అమెరికా నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో న్యూయార్క్‌లో రెండు రోజుల్లో రికార్డు చేసింది. మన బడిలో ప్రార్థనకు హార్మోనియం వాయించే మిత్రుడికి వినిపిద్దామని, ఒక సాయంత్రం టేప్ రికార్డర్ మోసుకొచ్చాను. వాడు హార్మోనియం ముందు పెట్టుకుని స్వరాలు వెతికాడు. కాసేపటికి అన్నాడు: "రెండో వైపు కలుస్తోంది. మొదటి వైపు కలవట్లేదురా. స్వరం మెట్టుకీ మెట్టుకీ మధ్యన పడుతోంది."

నేను నవ్వాను. "టేప్ రికార్డర్ ఒక్కటే, వేగం ఒక్కటే. ఒక వైపు కలిసి రెండో వైపు కలవకపోవడమేమిటి? తేడా నీ చెవిలో ఉంది" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ తర్వాత వాడు హార్మోనియం ముట్టుకోవడం నేను చూడలేదు. కారణం నేనేనని వాడు అనలేదు. నేనూ అడగలేదు.

నేను ఇంజనీరునయ్యాను. చాలా ఏళ్ల తర్వాత అసలు సంగతి చదివాను. మొదటి రోజు, మార్చి 2న, అక్కడి రికార్డింగ్ యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగిందట. నెమ్మదిగా ఎక్కిన టేపును సరైన వేగంతో తిప్పితే పాట వేగం, శ్రుతి రెండూ పెరుగుతాయి. ఆ రోజు వాయించిన మూడు పాటలే మొదటి వైపువి. రెండో వైపువి ఏప్రిల్ 22న వాయించినవి, అవి సరిగ్గానే ఉన్నాయి. అదే సమయంలో ఇంకో యంత్రం మీద ఎక్కించిన టేపు ఆధారంగా 1992లో దాన్ని సరిదిద్దారు. ముప్ఫై మూడేళ్లు ప్రపంచమంతా విన్న తప్పును మన బడి హార్మోనియం ముందు కూర్చుని పదిహేనేళ్ల కుర్రాడు పట్టుకున్నాడు. నేను యంత్రాన్ని నమ్మాను గాని, స్నేహితుడి చెవిని నమ్మలేదు.

మొన్న మా వాళ్లలో ఒకడు గ్లెన్ గూల్డ్ పియానో పంపాడు. బాహ్ 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్'. 22 ఏళ్ల వయసులో, 1955లో, గూల్డ్ దాన్ని 38 నిమిషాల్లో వాయించాడు. 1981లో మళ్లీ కూర్చుని 51 నిమిషాలు వాయించాడు. రెండూ రికార్డయింది డేవిస్ వాయించిన స్టూడియోలోనే. ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనం అది. పాతికేళ్లు దాటాక కూడా అదే గదిలో, అదే సంగీతం ముందు మళ్లీ కూర్చోవచ్చన్నమాట.

నా మిత్రుడు మూడో వరసలో ఉన్నాడు. ఒరేయ్, ఆ రోజు నీ చెవే నిజం. నాదే తప్పు. క్షమించు. ప్రార్థన హాల్లో హార్మోనియం ఉంది, పొద్దున్నే చూసి వచ్చాను. సభ అయ్యాక కాసేపు కూర్చుందాం. ఈసారి నేను నోరు మూసుకుని వింటాను.

సెలవు.