నిద్రలో ఊపిరి ఆడించే యంత్రం - దాని శుభ్రత

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "పది నిమిషాలు మాట్లాడండి, అందరికీ పనికివచ్చే ముచ్చట చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను, వక్తను అంతకన్నా కాను. ఆరేళ్ళనుంచి రాత్రిపూట ముక్కుకు మాస్కు కట్టుకొని నిద్రపోతున్న ఒక మామూలు మనిషిని. అందుచేత నాకు అనుభవమైన సంగతినే మనవి చేస్తాను. సీప్యాప్ అనే యంత్రాన్ని ఇంట్లో ఎట్లా శుభ్రంగా పెట్టుకోవాలన్నదే నా విషయం. గిన్నెలు తోముకోవడం గురించి కూడా ఉపన్యాసమా అని కొందరికి నవ్వు రావచ్చు. మా ఇంట్లో జరిగింది ముందుగా వినండి, తరువాత నవ్వండి.

మా దూల్హేభాయ్, అనగా మా ఆపాగారి భర్త, ఎనుమాముల మార్కెట్టులో ఒక పత్తి దుకాణంలో లెక్కలు వ్రాస్తారు. మనిషి భారీ శరీరం. ఆయన గురక వీధి వరకు వినిపించేది. మేమంతా దాన్ని వేళాకోళం చేసేవాళ్ళం. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, మళ్ళీ ఒక్కసారిగా ఉలిక్కిపడి లేవడం మా ఆపా ఒక్కతే చూసింది. పగలు లెక్కల పుస్తకం మీదనే కునుకు తీసేవారు. ఒకరోజు సాయంత్రం స్కూటరు మీద వస్తూ కన్ను మూతపడి, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పకు కొట్టుకున్నారు. అల్లా దయవల్ల మోచేయి విరగడంతో పోయింది. అప్పుడు పరీక్ష చేయించారు. యంత్రం కావాలన్నారు. మా ఆపా తన గాజులు కుదువబెట్టి యంత్రం తెప్పించింది.

మూడు నెలలు బాగానే ఉన్నది. తరువాత ఒకసారి వాళ్ళింటికి పోతే, ఆ యంత్రం దస్తీలో చుట్టి అల్మారా మీద పెట్టి ఉన్నది. "యేమైంది?" అంటే, "దానిల నుంచి నాచు వాసనొస్తున్నది. పెట్టుకుంటే గొంతు గరగర, ముక్కుదిబ్బడ. అది నాకు పడదు భాయ్" అన్నారు. నేను దించి విప్పి చూశాను. నీళ్ళ డబ్బా అడుగున తెల్లటి సున్నపు పెచ్చు, దాని పైన జిగురు. గొట్టంలో తడి ఆరలేదు. గాలి లోపలికి పోయేచోట ఉండే చిన్న ఫిల్టరు, తెల్లగా ఉండవలసింది, నల్లబడి దూదితో మూసుకుపోయి ఉన్నది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరూ కడగలేదు. ఎందుకంటే, కడగాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. గాజులు పోయినవి, యంత్రం అల్మారా ఎక్కింది, మనిషి మళ్ళీ స్కూటరు మీద కునుకు తీస్తున్నాడు. ఇదీ సంగతి.

ఈ జబ్బేమిటో తెలియనివారికి రెండు ముక్కలు. నిద్రపోయినప్పుడు గొంతులోని కండరాలు వదులవుతవి. కొందరికి అవి మరీ వదులై గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు కూడా ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు భయపడి మనిషిని లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు జరిగితే పడుకున్నట్టే ఉంటుంది గాని నిద్ర ఉండదు. రక్తపోటు, గుండెజబ్బు దీనితో ముడిపడి ఉన్నవి. పగటిపూట కునుకువల్ల జరిగే ప్రమాదాలు సరేసరి. ఇది మగవాళ్ళ జబ్బే అనుకోవద్దు. ఆడవాళ్ళకూ వస్తుంది. "నేను గురక పెడతాను" అని చెప్పుకోవడానికి మన ఇళ్ళలో ఆడవాళ్ళు సిగ్గుపడతారు, అంతే తేడా.

దీనికి యంత్రాన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు. ఇల్లు ఊడ్చే వాక్యూం క్లీనరు మోటారును తిప్పిపెట్టి, గాలిని పీల్చే బదులు ముక్కులోనికి మెల్లగా ఊదేటట్టు చేశాడు. ఆ గాలి ఒత్తిడికి గొంతు మూసుకోకుండా నిలబడుతుంది. 1981లో అయిదుగురు రోగులమీద వచ్చిన ఫలితాన్ని లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించారు. తొలినాళ్ళలో మాస్కును ప్రతి రాత్రీ జిగురుతో ముఖానికి అతికించవలసి వచ్చేదట. ఇప్పుడు పట్టీ తగిలించుకుంటే చాలు. అంత సుళువైన తరువాత కూడా మనం దాన్ని అల్మారా ఎక్కిస్తున్నామంటే కారణం చాలాసార్లు మురికే.

ఇక పని సంగతి. రోజూ చేయవలసినది అయిదు నిమిషాల పని. ఫజర్ నమాజు కాగానే చేసుకుంటే మరచిపోవడం ఉండదు. ముందుగా కరెంటు ప్లగ్గు తీసివేయాలి. నీళ్ళ డబ్బా తీసి, రాత్రి మిగిలిన నీళ్ళు పారబోయాలి. ఆ నీళ్ళమీదనే మళ్ళీ నీళ్ళు పోయడం తప్పు. వెచ్చగా, తడిగా ఉన్నచోట క్రిములకు పండుగే. డబ్బాను కడిగి మూత తెరచి ఆరబెట్టాలి. మాస్కులో ముఖానికి ఆనే మెత్తని సిలికాన్ భాగాన్ని గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో బాగా జాడించాలి. చర్మంమీది జిడ్డు దానికి అంటుకుంటే మాస్కు జారుతుంది, గాలి కారుతుంది, కళ్ళలోనికి కొడుతుంది. అందుకే రాత్రి తలకు, ముఖానికి నూనె రాసుకొని మాస్కు పెట్టుకోవద్దు. పడుకునేముందు వుజూ చేసుకునే అలవాటున్నవారికి ఇక్కడొక లాభం, ముఖం కడిగినట్టే అవుతుంది. తడి తుడుచుకొని పెట్టుకుంటే చాలు. గడ్డం ఉన్నవారికి గాలి ఎక్కువ కారుతుంటే, వేరే రకం మాస్కు సరిపోతుందేమో డాక్టరును అడగవచ్చు.

వారానికి ఒకసారి, జుమ్మానాడో ఆదివారమో, అరగంట పని. గొట్టం, మాస్కు మొత్తం, తలపట్టీలు, డబ్బా, అన్నీ విప్పి సబ్బునీళ్ళలో నానబెట్టి కడగాలి. మాస్కు ముందు భాగంలో సన్నని రంధ్రాలుంటవి, మనం విడిచిన గాలి బయటికి పోవడానికి. అవి మూసుకుపోకూడదు. మెత్తని బ్రష్షుతో తుడవాలి. గొట్టంలో నీళ్ళు పోసి అటూ ఇటూ ఊపి కడిగి, రెండు కొసలు కిందికి వేలాడేటట్టు దండెంమీద నీడలో వేయాలి. ఎండలో వేయవద్దు. మన ఓరుగల్లు ఎండకు ప్లాస్టికు పెళుసుబారుతుంది. డబ్బాలో సున్నపు పెచ్చు కడితే గీకవద్దు. ఒకవంతు సిర్కా, అదే వెనిగర్, పదివంతుల నీళ్ళలో కలిపి కొంతసేపు పోసి ఉంచి, తరువాత బాగా కడిగితే వదులుతుంది. జలుబు, దగ్గు ఉన్న రోజుల్లో ఇవన్నీ రోజూ కడగడం మంచిది. యంత్రాన్ని మాత్రం నీళ్ళలో పెట్టకూడదు, పిండిన గుడ్డతో పైపైన తుడవాలి.

నీళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్ళు గట్టివి. వేడినీళ్ళ గిన్నె అడుగు చూస్తే మీకే తెలుస్తుంది. డబ్బాలో పోయవలసినవి మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరు. ఒకపూట దొరకకపోతే కాచి చల్లార్చిన నీళ్ళతో గడుపుకోవచ్చు. కాని కాచితే క్రిములు చస్తవి, సున్నం పోదు, కనుక దాన్ని అలవాటు చేసుకోవద్దు. క్యాను నీళ్ళలో సున్నం తక్కువే, క్రిములు లేవని మాత్రం చెప్పలేం. బ్యాటరీలో పోసే నీళ్ళు పీల్చడానికి తయారుచేసినవి కావు, వాటి జోలికి పోవద్దు. యంత్రాన్ని మంచం ఎత్తుకన్నా కిందుగా, నేలమీద కాకుండా చిన్న బల్లమీద పెట్టాలి. అట్లయితే గొట్టంలో చేరిన నీళ్ళు ముక్కులోకి రావు, బొద్దింకలు చేరవు. డబ్బాలో నీళ్ళుండగా యంత్రాన్ని ఎత్తి ఎక్కడికీ తీసుకుపోవద్దు. నీళ్ళు మోటారులోకి పోతే ఇక అంతే.

ఫిల్టరు సంగతి మన ఊరివాళ్ళు మరీ గుర్తుంచుకోవాలి. ఇది పత్తి ఊరు. 1934లో నెలకొన్న ఆజంజాహీ మిల్లులో మన పెద్దలు ఎందరో పనిచేశారు. మిల్లు మూతబడి చాలా ఏళ్ళయినా, దూది నుసి ముక్కులో పడితే ఎట్లా ఉంటుందో వాళ్ళ పిల్లలకు విని తెలుసు. పత్తి, మిర్చి సీజనులో ఎనుమాముల చుట్టుపక్కల గాలి సంగతి చెప్పనక్కరలేదు. కాగితంలాంటి తెల్ల ఫిల్టరును కడగకూడదు. మాసితే పారవేసి కొత్తది వేయాలి. స్పాంజిలాంటి ఫిల్టరును కొన్ని యంత్రాలలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చు. మీది ఏ రకమో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. వారానికొకసారి తీసి వెలుతురులో చూడటం మాత్రం అందరూ చేయవలసిందే.

చేయకూడని పనులు కొన్ని. బ్లీచింగు, స్పిరిటు, ఘాటైన క్రిమిసంహారక ద్రావకాలు వాడవద్దు. అవి సిలికానును పాడుచేస్తవి, వాటి ఆవిరి తిన్నగా ఊపిరితిత్తులలోకి పోతుంది. వాసన బాగుంటుందని మాస్కుకు అత్తరు రాయవద్దు, డబ్బాలో పరిమళ తైలం వేయవద్దు. యంత్రం నడుస్తున్న గదిలో ఊదు, లోబాన్ పొగ వేయవద్దు. ఓజోన్ వాయువుతో దానంతటదే శుభ్రం చేస్తుందని ఒక పెట్టె అమ్ముతున్నారు. అటువంటివి వాడినవారికి దగ్గు, తలనొప్పి, ఊపిరి ఇబ్బంది వచ్చినట్టు ఫిర్యాదులు అందాయని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020 ఫిబ్రవరిలో హెచ్చరించింది. సబ్బు, నీళ్ళు, కొంచెం ఓపిక ఉన్న ఇంటికి ఆ పెట్టె అవసరం లేదు.

ఇప్పుడు మన సంఘానికి సంబంధించిన మాట. గల్ఫునుంచి, అమెరికానుంచి బంధువులు పాత యంత్రాలు పంపుతున్నారు. వాడినవారు గతించిన తరువాత, సవాబు కోసం వేరొకరికి ఇచ్చే ఇళ్ళున్నవి. మంచి పనే. కాని దుప్పటి ఇచ్చినట్టు ఇవ్వదగిన వస్తువు కాదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన యంత్రాలను లక్షల సంఖ్యలో వెనక్కు పిలిచింది. చప్పుడు తగ్గడానికి లోపల పెట్టిన స్పాంజి పొడిపొడిగా రాలి, పీల్చేవారి లోపలికి పోయే ప్రమాదమున్నదని తేలింది. ఓజోనుతో శుభ్రం చేస్తే ఆ స్పాంజి ఇంకా తొందరగా చెడవచ్చని కూడా కంపెనీ చెప్పింది. కనుక పాత యంత్రం చేతికి రాగానే దాని మోడలు, నంబరు చూసి, వెనక్కు పిలిచినవాటిలో ఉన్నదేమో తెలుసుకోవాలి. రెండవది, మాస్కు, గొట్టం, డబ్బా, ఫిల్టరు కొత్తవి వేయాలి. ఒకరి మాస్కు ఇంకొకరు పెట్టుకోరాదు. మూడవది, గాలి ఒత్తిడి మనిషికొక తీరు. డాక్టరు చూసి సరిచేయనిదే వాడరాదు. ఈ మూడూ జరిగేటట్టు చూసే బాధ్యత మన కార్యవర్గం తీసుకోవాలని, కొత్త మాస్కుకు, గొట్టానికి అయ్యే ఖర్చు కోసం చిన్న నిధి పెట్టాలని మనవి చేస్తున్నాను. మొదటి మొత్తం నా వంతు.

దూల్హేభాయ్ సంగతి మధ్యలో వదిలివేశాను. ఆరోజు నేను, మా ఆపా, ఆమె చిన్నకొడుకు కూర్చొని అన్నీ విప్పి కడిగాం. ఫిల్టరు, గొట్టం కొత్తవి తెప్పించాం. గొంతు గరగర సంగతి డాక్టరుకు చెబితే, ఆయన చూసి యంత్రంలో వేడి, తేమ సరిచేశారు. మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టారు. మొదట ఆపానే కడిగేది. నేనే గట్టిగా చెప్పాను, "చేతులు బాగానే ఉన్నవి గదా దూల్హేభాయ్, పెట్టుకునే మనిషే కడుక్కోవాలి" అని. ఇప్పుడు తెల్లవారగానే ఆయనే కడుగుతున్నారు. కిందటి నెల మా ఆపా ఫోను చేసి, "గాజులు విడిపించినాడు తమ్ముడూ" అన్నది. ఇంకేమీ అనలేదు, ఫోను పట్టుకొని చాలాసేపు ఊరుకున్నది.

ఈ రాత్రి ఇంటికి పోయి, మీ ఇంట్లో గానీ మీ పక్కింట్లో గానీ అల్మారా మీద ఇటువంటి యంత్రం ఉన్నదేమో చూడండి. ఉంటే కిందికి దించండి. కడగడం తెలియకపోతే నన్ను పిలవండి, వచ్చి చూపిస్తాను.